అవ్వ గంపలో పండ్లెన్ని?

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి చదువుతున్నాడు. మా మామగారు రోజూ సాయంత్రం వాడికి ఒక పొడుపు లెక్క వేస్తారు. చివరికి ఎంత మిగిలిందో చెప్పి, మొదట ఎంత ఉందో కనుక్కోమంటారు. 'వెనక నుంచి రా' అన్నది ఆయన ఊతపదం. మొన్నటి లెక్క ఇది. ఒక అవ్వ గంపెడు మామిడిపండ్లతో బయలుదేరింది. పెద్దకూతురి ఇంట్లో మూడో వంతు పండ్లు, పైన మరో రెండు ఇచ్చింది. మిగిలినవాటిలో మూడో వంతు, పైన మరో రెండు చిన్నకూతురికి ఇచ్చింది. ఇల్లు చేరేసరికి గంపలో 10 పండ్లున్నాయి. మొదట ఎన్ని ఉన్నాయి? మావాడు వెనక నుంచే వచ్చి 24 అన్నాడు. అది తప్పట. నేను ఎక్స్ అనుకుని చేస్తే 30 వచ్చింది గానీ, వాడికి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. అంతకుముందు ఇంకా చిన్న లెక్కలో కూడా తడబడ్డాడు: ఒక సంఖ్యను 3తో గుణించి, 5 కలిపి, 2తో భాగిస్తే 13 వచ్చింది, ఆ సంఖ్య ఏది అంటే, 13ను 3తో భాగించబోయి ఆగిపోయాడు. ట్యూషన్ చెప్పే ఆయన మాత్రం ఇదంతా అడ్డదారి, పరీక్షలకు పనికిరాదు, మాన్పించండి అంటున్నారు. మాన్పించాలా?
– ఒక తల్లి, ఒంగోలు

సమాధానం: అమ్మా, మాన్పించకండి. మీ మామగారు పిల్లవాడి చేతికి చాలా విలువైన పనిముట్టు ఇస్తున్నారు. వాడు దాన్ని పట్టుకోవడంలో రెండు చోట్ల పొరపాటు పడుతున్నాడు, అంతే. ఆ రెండూ సరిదిద్దుకుంటే వాడికి ఈ లెక్కలు రావడమే కాదు, రేపు సమీకరణాలు కూడా తేలికగా వస్తాయి.

ముందు చిన్న లెక్క చూద్దాం. గుణించడానికి ఎదురు భాగించడమనీ, కలపడానికి ఎదురు తీసివేయడమనీ మీ బాబుకు తెలుసు. తెలియనిది వరుస. మీరు టిఫిన్ క్యారియర్ సర్దేటప్పుడు వాడిని పక్కన నిలబెట్టుకోండి. అడుగున అన్నం గిన్నె, దానిమీద కూర, ఆ పైన పెరుగు, చివరగా పైన గొళ్ళెం. విప్పేటప్పుడు అన్నం గిన్నెను ముందు లాగగలమా? చివర వేసిన గొళ్ళేన్నే ముందు తీయాలి. లెక్కలో చివర జరిగినది 2తో భాగించడం. కాబట్టి ముందు దాన్ని విప్పాలి: 13ను 2తో గుణిస్తే 26. దానికి ముందు జరిగినది 5 కలపడం, తీసేస్తే 21. మొట్టమొదట జరిగినది 3తో గుణించడం, భాగిస్తే 7. ఇక 7తో ముందుకు నడిచి చూడండి: 21, 26, 13. సరిపోయింది.

కాగితం మీద దీన్ని రెండు వరుసలుగా వేయించండి. పై వరుసలో ఎడమ నుంచి కుడికి గళ్ళు గీసి, గడికీ గడికీ మధ్య బాణం మీద 'మూడుతో గుణించు', 'అయిదు కలుపు' అని కథ చెప్పిన వరుసలోనే రాయాలి. గళ్ళన్నీ ఖాళీ, చివరి గడిలో మాత్రం 13. కింది వరుసలో కుడి నుంచి ఎడమకు బాణాలు గీసి, ఒక్కో పై బాణం కిందా దాని ఎదురు పని రాస్తూ గళ్ళు నింపుకుంటూ రావాలి. ఇలా పది లెక్కలు చేశాక గళ్ళు గీయనక్కరలేకుండానే వరుస మనసులో నిలుస్తుంది. ముందే తొందరపెట్టి గళ్ళు మాన్పిస్తే మళ్ళీ 13ను 3తో భాగించడం దగ్గరికే వస్తాడు.

ఇప్పుడు అవ్వ గంప. ఇక్కడ మీ బాబు వరుస సరిగ్గానే పట్టాడు. మీరు వాడి కాగితం పంపలేదు గానీ, 24 ఎలా వచ్చిందో ఆ 24 నుంచే తెలుస్తోంది. 10కి 2 కలిపి 12 చేశాడు, అంతవరకు సరే. అవ్వ మూడో వంతు ఇచ్చింది కదా అని 12లో మూడో వంతు 4 తిరిగి కలిపాడు, 16. మళ్ళీ 2 కలిపితే 18, దానిలో మూడో వంతు 6 కలిపితే 24. శ్రద్ధగా చేసిన పనే. కానీ ఒక ప్రశ్న వేసుకోలేదు: మూడో వంతు అంటే దేనిలో మూడో వంతు?

అవ్వ ఇచ్చినది 12లో మూడో వంతు కాదు. ఆ ఇంటి గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు గంపలో ఎన్ని ఉన్నాయో వాటిలో మూడో వంతు. ఆ పండ్లను మూడు సమాన కుప్పలు పోసి, ఒక కుప్ప కూతురికి ఇస్తే ఇంకా రెండు కుప్పలు ఉంటాయి. ఆ రెండు కుప్పలే 12. అంటే కుప్పకు 6. ఇచ్చేసిన కుప్ప కూడా 6. కాబట్టి చిన్నకూతురి ఇంటికి వచ్చేసరికి 18. దానికి పెద్దకూతురికి అదనంగా ఇచ్చిన 2 కలిపితే 20, ఇవీ రెండు కుప్పలే, కుప్పకు 10, మొదట 30. తగ్గింది మూడో వంతైనా, తిరిగి కలపవలసింది మిగిలినదానిలో సగం. ఇది మాటలతో చెబితే పిల్లలకు ఎక్కదు. 30 చింతగింజలు వాడి ముందు పోసి, వాడినే అవ్వను చేసి, ఇద్దరు కూతుళ్ళకూ పంచమనండి. తర్వాత అదే దారిలో వెనక్కి రమ్మనండి. తన చేతులతో రెండు కుప్పల పక్కన మూడో కుప్పను తిరిగి పెట్టినప్పుడు కలిగే తెలివిడి మరే విధంగానూ రాదు.

ఈ పొరపాటు పిల్లలది మాత్రమే అనుకోకండి. దుకాణం బిల్లులో 18 శాతం జీఎస్టీతో కలిపి 1,180 రూపాయలు ఉందనుకోండి. పన్ను లేకుండా అసలు ధర ఎంత అని అడిగితే, చదువుకున్నవారిలో కూడా చాలామంది 1,180లో 18 శాతం తీసేస్తారు. 967 రూపాయల 60 పైసలు వస్తుంది. అసలు ధర 1,000. పన్ను వేసింది వెయ్యి మీద, తీసేసింది 1,180 మీద, అందుకే తేడా. పండుగ తగ్గింపులోనూ ఇదే సంగతి. వెయ్యి రూపాయల చీర 20 శాతం తగ్గింపుతో 800 అయితే, దాన్ని మళ్ళీ వెయ్యికి చేర్చాలంటే 20 శాతం పెంచితే చాలదు, 960 దగ్గరే ఆగిపోతుంది. 25 శాతం పెంచాలి. మీ బాబుకు ఆరో తరగతిలోనే ఈ మెళకువ పట్టుబడితే జీవితాంతం ఉపయోగపడుతుంది.

ఇక అడ్డదారి అన్న మాట గురించి. ఈ మాట నన్ను నిజంగా బాధపెట్టింది. ఇది ఎంత పాత రాచబాటో చెప్పాలి. ఆర్యభటుడు 499 ప్రాంతంలో రాసిన ఆర్యభటీయంలో, గణితపాదంలో ఒక శ్లోకం మొత్తం దీనికే కేటాయించాడు: గుణకాలు భాగహారాలవుతాయి, భాగహారాలు గుణకాలవుతాయి, కలిపినది తీసివేత అవుతుంది, తీసివేసినది కలపడం అవుతుంది, విపరీత పద్ధతిలో. మీ మామగారి 'వెనక నుంచి రా'కు శాస్త్రంలో ఉన్న పేర్లు విపరీతం, విలోమం, వ్యస్తవిధి. లెక్కను పద్యంలో పెట్టి అడగడం తెలుగువారికీ కొత్త కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

భాస్కరాచార్యుడు 1150లో లీలావతిలో ఇంకో అడుగు ముందుకు వేశాడు. మీ బాబు తడబడిన చోటు సరిగ్గా అదే. ఒక రాశికి దానిలోనే ఒక వంతు కలిపి ఉంటే, వెనక్కి వచ్చేటప్పుడు ఆ భిన్నం హారానికి లవాన్ని కలపాలి. తీసి ఉంటే, హారం నుంచి లవాన్ని తీయాలి. లవం మాత్రం మారదు. అలా వచ్చిన కొత్త భిన్నంతో ఎదురు పని చేయాలి. అవ్వ తీసింది 1/3. హారం 3లో నుంచి లవం 1 తీస్తే 2, కాబట్టి తిరిగి కలపవలసింది 1/2. మనం చింతగింజలతో కనుక్కున్నది ఇదే కదా. జీఎస్టీలో కలిపింది 18/100. హారానికి 18 కలిపితే 118, కాబట్టి తీయవలసింది 18/118. 1,180లో అది 180, సరిగ్గా పన్ను. దాదాపు 900 ఏళ్ళనాటి సూత్రం ఈనాటి బిల్లును తప్పు లేకుండా విప్పుతోంది.

ఆయన ఇచ్చిన ఉదాహరణ కూడా ఇక్కడ పెడతాను. మీ బాబుకు ఇప్పుడే కాదు, వర్గమూలాలు వచ్చాక ఇవ్వండి. ఒక సంఖ్యను 3తో గుణించి, వచ్చినదానికి దానిలోనే ముప్పావు వంతు కలిపి, 7తో భాగించి, అందులో మూడో వంతు తీసివేసి, మిగిలినదాన్ని దానితోనే గుణించి, 52 తీసివేసి, వర్గమూలం తీసి, 8 కలిపి, 10తో భాగిస్తే 2 వచ్చింది. ఆ సంఖ్య ఏది? సమీకరణం రాయబోతే పుట సగం నిండుతుంది. వెనక నుంచి వస్తే నోటితో చెప్పవచ్చు. 2ను 10తో గుణిస్తే 20. 8 తీస్తే 12. వర్గం 144. 52 కలిపితే 196. దాని మూలం 14. మూడో వంతు పోయింది కాబట్టి సగం కలిపితే 21. 7తో గుణిస్తే 147. ముప్పావు కలిపి ఉంది కాబట్టి ఏడింట మూడు వంతులు, అంటే 63 తీస్తే 84. మూడుతో భాగిస్తే 28.

సమీకరణాలు చేయనక్కరలేదని నేను అనడం లేదు. ఏడో తరగతిలో సామాన్య సమీకరణాలు వస్తాయి, అవి నేర్చుకోవాలి. అయితే మీరు ఎక్స్ పెట్టి 30 తెచ్చినప్పుడు ఏం చేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. 'మైనస్ 2' అటువైపు వెళితే 'ప్లస్ 2' అయింది. గుణకంగా ఉన్న 2/3 అటు వెళితే తిరగబడి 3/2 అయింది. ఇటు నుంచి అటు వెళితే గుర్తు ఎందుకు మారుతుందో ఏ బడి పిల్లవాడినైనా అడిగి చూడండి, రూలు అంతే అంటాడు. మీ బాబు అలా అనడు. చివర వేసిన గిన్నె ముందు తీస్తున్నాం కాబట్టి అంటాడు. వెనక్కి నడవడం తెలిసిన పిల్లలకు సమీకరణం కొత్త పాఠం కాదు, తెలిసిన పనికి కొత్త రాత.

పరీక్షల సంగతి సూటిగా చెబుతాను. ప్రశ్నలో సమీకరణం రాసి సాధించమని ఉంటే సమీకరణమే రాయాలి. అలా లేనప్పుడు, ప్రతి అడుగూ ఎందుకు వేశాడో రాసి, చివర ముందుకు నడిచి సరిచూసి చూపితే అది పూర్తి పరిష్కారమే. పిల్లలకు మార్కులు పోయేది సాధారణంగా అడుగులు రాయకుండా ఒక్క జవాబే రాసినప్పుడు. సరిచూడడం అలవాటుగా ఉంటే ఆ 24 కూడా మీ మామగారి దాకా వెళ్ళేది కాదు. 24లో మూడో వంతు 8, మరో 2 ఇస్తే మిగిలేవి 14. 14లో మూడో వంతు కావాలంటే అవ్వ పండు కోయాల్సి వస్తుంది.

ఈ పద్ధతి పనిచేయని చోట్లు కూడా ఉన్నాయి. అవి తెలియకపోతే వాడు గోడకు తల కొట్టుకుంటాడు. పిల్లలు ఆడుకునే ఈ ఆట మీకు తెలిసే ఉంటుంది: మనసులో ఒక సంఖ్య అనుకో, రెట్టింపు చెయ్యి, 10 కలుపు, సగం చెయ్యి, మొదట అనుకున్నది తీసెయ్యి. జవాబు 5 అని టక్కున చెప్పేస్తారు. ఎవరు ఏది అనుకున్నా 5 వస్తుంది. ఇక్కడ 5 నుంచి వెనక్కి బయలుదేరగానే 'అనుకున్నది కలుపు' అన్న మెట్టు ఎదురవుతుంది. అనుకున్నదేదో తెలియకే కదా వెతుకుతున్నాం! దాచిన సంఖ్య దారి మధ్యలో మళ్ళీ వచ్చే లెక్కలను ఇలా విప్పలేం. వాటికి మీ ఎక్స్ కావాలి. అలాగే, 5తో భాగిస్తే శేషం 3 వచ్చింది అంటే ఆ సంఖ్య 8 కావచ్చు, 13 కావచ్చు, 98 కావచ్చు. ఆ మెట్టు మీద సంఖ్య తన ఆనవాలు పోగొట్టుకుంది. వర్గాల దగ్గర రుణసంఖ్యలు నేర్చుకున్నాక జాగ్రత్తపడాలి: వర్గం 25 అంటే 5 ఒక్కటే కాదు, −5 కూడా.

మధ్యస్థంగా ఉండే లెక్కలూ కొన్ని ఉన్నాయి. నాకు చాలా ఇష్టమైనది పూల లెక్క. ఒక భక్తుడు కొన్ని పూలతో బయలుదేరాడు. దారిలో మూడు గుళ్ళు, ప్రతి గుడి ముందూ ఒక కోనేరు. కోనేట్లో ముంచితే పూలు రెట్టింపవుతాయి. ప్రతి గుడిలోనూ సమానంగా పూలు పెట్టాడు. మూడో గుడిలో పెట్టాక చేతిలో ఒక్క పువ్వూ మిగల్లేదు. మొదట ఎన్ని పూలు, గుడికి ఎన్ని? ఇందులో తెలియనివి రెండు. అయినా వెనక నుంచి రావచ్చు, గుడిలో పెట్టినదాన్ని ఒక వాటా అనుకుంటే. మూడో దేవుడికి పెట్టబోయే ముందు చేతిలో ఒక వాటా. కోనేట్లో ముంచక ముందు అర వాటా. రెండో దేవుడికి పెట్టక ముందు ఒకటిన్నర, ముంచక ముందు ముప్పావు. మొదటి దేవుడికి పెట్టక ముందు ఒకటీ ముప్పావు, ముంచక ముందు అందులో సగం, అంటే ఎనిమిదింట ఏడు వంతుల వాటా. పువ్వును తుంచం కాబట్టి వాటా కనీసం 8 పూలు, బయలుదేరినవి 7. ముందుకు నడవండి: 7, 14, 6, 12, 4, 8, సున్న. వాటా 16 అయితే 14 పూలతోనూ కథ నడుస్తుంది, అది కూడా వాడినే కనుక్కోనివ్వండి.

ఇంకొక రకంలో ఒకరి చేతిలో కాక ముగ్గురి చేతుల్లో లెక్క మారుతూ ఉంటుంది. ముగ్గురు అన్నదమ్ములు గోళీలాడారు. ఓడినవాడు మిగతా ఇద్దరి దగ్గర ఎన్నెన్ని గోళీలున్నాయో అన్నన్ని వాళ్ళకు ఇవ్వాలి. మొదటి ఆటలో పెద్దవాడు, రెండో ఆటలో నడిపివాడు, మూడో ఆటలో చిన్నవాడు ఓడారు. చివరికి ముగ్గురి దగ్గరా ఎనిమిదేసి ఉన్నాయి. మొదట ఎవరి దగ్గర ఎన్ని? ముందు నుంచి ఆలోచిస్తే తల తిరుగుతుంది. వెనక నుంచి వస్తే ఒక్క ఊతం చాలు, మొత్తం ఎప్పుడూ 24. మూడో ఆటకు ముందు గెలిచిన ఇద్దరి దగ్గరా సగం సగం, నాలుగేసి, చిన్నవాడి దగ్గర మిగతా 16. రెండో ఆటకు ముందు పెద్దవాడి దగ్గర 2, చిన్నవాడి దగ్గర 8, నడిపివాడి దగ్గర మిగతా 14. మొదటి ఆటకు ముందు నడిపివాడి దగ్గర 7, చిన్నవాడి దగ్గర 4, పెద్దవాడి దగ్గర 13. దీన్ని మూడు నిలువు వరుసల పట్టికగా వేయించండి, అడ్డంగా కూడినప్పుడల్లా 24 వస్తోందో లేదో చూసుకోమనండి. ఎక్కడ మొత్తం తప్పితే అక్కడే పొరపాటు.

ఒక ఆట కూడా చెబుతాను, భోజనాల తర్వాత ఇద్దరూ ఆడుకోండి. ఒకరు 1 గానీ 2 గానీ చెప్పాలి. తర్వాతివారు దానికి 1 గానీ 2 గానీ కలిపి చెప్పాలి. అలా వంతులవారీగా పోతూ 20 ఎవరు పలికితే వారు గెలిచినట్టు. ఎలా గెలవాలో వాడికి చెప్పకండి. 20 పలకాలంటే దానికి ముందు నేను ఏది పలికి ఉండాలి అని మాత్రం అడగండి. 17 పలికితే ఎదుటివారు 18 అన్నా 19 అన్నా 20 మనదే. మరి 17 పలకాలంటే? 14. అలా 11, 8, 5, 2 వరకు వాడే దిగివస్తాడు. మొదట 2 పలికినవారిని ఎవరూ ఓడించలేరని తేలిన రోజు వాడి ముఖం చూడండి. అక్కడ గుణకారమూ లేదు, భాగహారమూ లేదు. గమ్యం దగ్గర నిలబడి వచ్చిన దారిని చూడడం ఒక్కటే ఉంది.

ఇక మీ బాబు తాతగారికి వేయడానికి ఒక లెక్క. ఒక రైతు మామిడిపండ్ల గంపతో కోటలోకి వెళ్ళాడు. మూడు ద్వారాలు. ప్రతి కాపలావాడికీ, అప్పటికి గంపలో ఉన్నవాటిలో సగమూ, పైన అర పండూ ఇచ్చాడు. ఎక్కడా పండు కోయలేదు. చివరికి రాజుగారి ముందు పెట్టడానికి ఒకే ఒక్క పండు మిగిలింది. జవాబు 15 అని మీకు చెబుతున్నాను, బాబుకు చెప్పకండి. పండు కోయకుండా అర పండు ఎలా ఇచ్చాడని వాడు తప్పకుండా అడుగుతాడు. వెంటనే విప్పి చెప్పకుండా, చింతగింజల డబ్బా వాడి ముందుకు జరపండి.